ఒక్క వరుస తేడా

పుష్పకు వందకు ఇరవై రెండే వచ్చాయి. గురుకులం సీటు చేజారింది.

ఆ ఇరవై రెండు మార్కుల కాగితం పట్టుకుని ప్రొఫెసర్ అరుణశ్రీ హైదరాబాద్ నుంచి భద్రాచలం దాకా బస్సులో, అక్కణ్నుంచి అడవి అంచు తండా దాకా ఆటోలో వచ్చింది. ఒళ్లు హూనమైంది. అయినా ముఖంలో ఎక్కడా అలసట లేదు.

పాతికేళ్లుగా ఆమెది ఒకటే గోల. మన పరీక్షలు పిల్లల చదువును కొలవవు, పరీక్ష రాసే ఒడుపును కొలుస్తాయి అని. పుస్తకాలు రాసింది. ప్రభుత్వం వేసిన కమిటీల్లో కూర్చుని మొత్తుకుంది. అందరూ తలూపారు, టీ తాగారు, లేచి వెళ్లిపోయారు. పోనీ ఇంటికెళ్లి చెప్పుకుందామా అంటే ఇంట్లో ఆమె ఒక్కతే.

గురుకుల ప్రవేశ పరీక్షలో ఒక్కో ప్రశ్నకు ఒక్కో వరుస, వరుసకు నాలుగు గుండ్రాలు ఉంటాయి. సరైన గుండ్రాన్ని పెన్నుతో నింపాలి. పరిశోధన కోసం తెప్పించుకున్న మూడు వేల జవాబు పత్రాలు తిరగేస్తుంటే పుష్పది కంటబడింది. మొదటి వరుస ఖాళీ. అక్కణ్నుంచి ప్రతి జవాబూ ఒక వరుస కిందికి జారింది. ఒక్క వరుస పైకి జరిపి దిద్దితే తొంభై నాలుగు!

అరుణశ్రీ కుర్చీలోంచి లేచి నిలబడింది. పాతికేళ్ల వాదనకు రుజువు దొరికింది. ఎవరికైనా చెబుదామని అటూ ఇటూ చూసింది కానీ, ఎవరున్నారని?

తండాలో బడి అంటే ఒక గది, ఒక వరండా. హాజరు పట్టీలో ఒకే ఒక్క పేరు. బోర్డు దగ్గర సమ్మయ్య సార్, ఎదురుగా పుష్ప.

“ఒక్క పిల్లేనా సార్?”

“అవ్ మేడం. ముందటేడు ఆరుగురికి గురుకులంల సీట్లొచ్చినయ్, పోయిండ్రు. సీటు రాలేదని పుష్పను మళ్ల ఐదుల్నే ఉంచిన, గీమె గూడ పోతే బడికి తాళమే. నన్ను తీస్కపోయి మండలాఫీసుల కూసోవెడ్తరు.”

“ఆరుగురికీ మీరే నేర్పారా?”

“నేనే మేడం. లెక్కలు, తెలుగు, ఆఖరికి గుండ్రాలు దిద్దుడు గూడ.”

సమ్మయ్యకు యాభై ఆరేళ్లు. భార్య పోయినప్పటి నుంచి బడి వెనక గదిలోనే కాపురం. ఆ ఆరుగురూ వెళ్లిన రోజు పొయ్యి కూడా వెలిగించబుద్ధి కాలేదని నవ్వుతూనే చెప్పాడు. ఒంటరితనం ఎలా ఉంటుందో అరుణశ్రీకి ఒకరు చెప్పాలా!

పుష్పను దగ్గరికి పిలిచి భుజమ్మీద చెయ్యి వేసింది.

“పొద్దున తొమ్మిదింబావుకు వైరాలో బయల్దేరిన బస్సు పన్నెండున్నరకు భద్రాచలం వచ్చింది. ఎంతసేపు పట్టింది?”

“మూడుంబావు గంటలు,” అంది పుష్ప తడుముకోకుండా. “గని మా బస్సు గంత జల్దీ రాదు మేడం. నాలుగేసుకోండ్రి.”

అరుణశ్రీ పకపకా నవ్వింది. ఎన్నాళ్లయిందో అలా నవ్వి. ఇంకో పది ప్రశ్నలు వేసింది. అన్నింటికీ టకటకా జవాబులే.

అప్పుడు సంచిలోంచి ఆ జవాబు పత్రం తీసి సమ్మయ్య ముందు పెట్టింది. ఖాళీ వరుస చూపించి, తొంభై నాలుగు ఎలా వస్తాయో వివరించింది. ఆయన కాగితం చేతిలోకి తీసుకోలేదు.

“నా తప్పే మేడం.”

“అయ్యో, మీ తప్పేంటి సార్? తప్పంతా పరీక్షది!”

“లే మేడం, నాదే...”

“మీలాంటి మంచివాళ్లు ఇలా నెత్తిన వేసుకోబట్టే పైవాళ్లు దులిపేసుకుంటున్నారు,” అని ప్రేమగా కోప్పడింది. ఆయన తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. ఎంత మనసున్న మనిషి అనుకుంది అరుణశ్రీ. అదే మాట నోట్‌బుక్కులో రాసుకుంది కూడా.

ఆరో తరగతిలో మిగిలిపోయిన సీట్లకు వచ్చే ఆదివారం మళ్లీ పరీక్ష. పుష్పకు ఇదే ఆఖరి అవకాశం. ఇదీ తప్పితే పై చదువుకు వాగు దాటి పద్నాలుగు కిలోమీటర్లు నడవాలి. నడిపించే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. వాళ్ల అక్కను ఐదుతోనే మాన్పించి మిర్చి తోటలకు పంపారు.

ఆదివారం దాకా ఉండి తానే నేర్పుదామని వచ్చింది అరుణశ్రీ. సమ్మయ్యను చూశాక ఆ అవసరం కనిపించలేదు. నమూనా జవాబు పత్రాలు నలభై తెచ్చింది. అన్నీ ఆయన చేతిలో పెట్టింది.

“ఈ పిల్ల బతుకు మీ చేతుల్లో పెట్టి వెళ్తున్నాను సార్.”

“గట్ల అనకుండ్రి మేడం,” అన్నాడాయన నేల చూస్తూ.

ఆటో దాకా సంచి మోసుకొచ్చింది పుష్ప. డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు. పరిశోధన చేసేవాళ్ల బుద్ధి ఊరుకోదు కదా, ఎక్కబోతూ ఆగింది అరుణశ్రీ.

“అవునే తల్లీ, ఆ మొదటి వరుస ఎలా వదిలేశావ్? కంగారులో చూసుకోలేదా?”

“కంగారేం లే మేడం, మొదటి వరుస ఇడిచిపెట్టి రెండోదాన్నుంచి దిద్దమని సారే చెప్పిండు, ముందువోయిన అక్కలోళ్లకెవ్వలకు చెప్పలే, నా ఒక్కదానికే చెప్పిండు,” అంది పుష్ప మురిసిపోతూ.