ద్రాక్షతీగ పళ్లెం

"దీన్ని ఇక్కడే, అందరి ముందూ పగలగొట్టాలి" అన్నాడు హాలిస్.

చర్చి కింది హాల్లో గాజుసామాను సేకరించేవాళ్ల సంఘం సమావేశమైంది. హాలిస్ దాని అధ్యక్షుడు. బల్ల మీద గులాబీరంగు గాజు పళ్లెం, పక్కన సుత్తి. పళ్లెం అంచు చుట్టూ ద్రాక్షతీగ. ఒహాయో నది ఒడ్డున ఆ ఊళ్ళో గాజు ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అలాంటివి వేలకొద్దీ అచ్చుపోశారు. అది మూతపడి ఇరవై ఏళ్లయింది. మిగిలినవన్నీ సంఘం వాళ్ల అద్దాల బీరువాల్లోకి చేరాయి. వాటిలో ఎవరూ తినరు.

ఈమధ్య అవే పళ్లాలు చర్చి సంతలో చవగ్గా దొరుకుతున్నాయి. ఊళ్ళో సగంమంది బీన్సూ మొక్కజొన్న రొట్టే వాటిలోనే తింటున్నారు. సంత నడిపే ఓపల్ నకిలీ సరుకు అమ్ముతోందనీ, క్షమాపణ చెప్పకపోతే పోలీసుల దగ్గరికి వెళతాననీ హాలిస్ పట్టుబట్టాడు. ఎవరో పెట్టెలో సర్ది చర్చి గుమ్మంలో వదిలిపోతున్నారని, అంతకుమించి తనకేమీ తెలియదని ఓపల్ చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

తేల్చి చెప్పమని లావర్న్‌ని పిలిచారు. డెబ్బై రెండేళ్ల లావర్న్ ఆ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు అచ్చుయంత్రం దగ్గర పనిచేసింది. గాజు విషయంలో సంఘానికి ఆమె మాటే ఆఖరి మాట.

ఆమె పళ్లాన్ని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి చూసింది. అడుగున వేలితో తడిమింది.

"మన ఊళ్ళో, మన అచ్చులో పోసిన పళ్లెమే" అంది.

"అడుగున ఒక్క గీత కూడా లేదు, లావర్న్ గారూ. ఇరవై ఏళ్లు దాటిన పళ్లెం ఇంత కొత్తగా ఉంటుందా?"

"నీ బీరువాలోవి లేవూ?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. హాలిస్ మొహం కందిపోయింది. కనీసం అనుమానంగా ఉందనైనా రాసివ్వమన్నాడు. లేకపోతే సంఘంలో ఆమెకు చోటుండదన్నాడు. లావర్న్ కోటుకున్న సంఘం బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది.

"మేం చేతులు కాల్చుకుని చేసింది జనం తినడానికి, హాలిస్. నువ్వు తాళమేసుకోవడానికి కాదు. పోలీసుల్ని పిలుస్తావా, పిలు. వాళ్లకీ ఇదే చెబుతా."

పళ్లెం పట్టుకుని, సమావేశం అయ్యాక తినడానికి సర్దిపెట్టిన భోజనాల బల్ల దగ్గరికి నడిచింది. దాన్నిండా క్యాబేజీ నూడుల్స్ వడ్డించి ఓపల్ ముందు పెట్టింది. తిను, ఎవడేం చేస్తాడో చూద్దాం అని పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఓపల్ మొదటి ముద్ద తల దించుకుని తిన్నది. తర్వాత తల ఎత్తి తిన్నది. ఒకరిద్దరు సభ్యులు లేచి తామూ వడ్డించుకున్నారు. హాలిస్ సుత్తిని సంచీలో వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే లావర్న్ తన పెరటి షెడ్డులో గాజు కొలిమి రాజేసింది. ఫ్యాక్టరీ మూతపడిన రోజు ఇంటికి తెచ్చుకున్న ద్రాక్షతీగ అచ్చుని తుడిచి పక్కన పెట్టుకుంది.