నోరెత్తని గోడ

కొండవాలు కాలనీలో ఇళ్ల కింది మట్టిని పట్టుకున్న గోడలు మాట్లాడతాయి. వానొస్తే వెనక మట్టిలోకి దిగేసిన ఇనుప పట్టీలను తామే బిగించుకుని, నీరు కారే కన్నాల్లోంచే "నీళ్ల డ్రమ్ము జరపండి, బరువు తగ్గించండి" అని సణుగుతాయి.

ఓసారి ముసురు పట్టినా పైడితల్లి ఇంటి గోడ నోరెత్తలేదు. అనుమానమొచ్చి ఆమె మెట్లు దిగి చూస్తే, గోడ నిండు నెలల పొట్టలా ఉబ్బి ఉంది.

"అత్తా! ఈ కన్నాల్లో గుడ్డలేటి?"

"కడిగిన మెట్ల మీద బురద కక్కతంది. ఆపైన దాని సణుగుడొకటి. నానే కుక్కీసినాను," అంది సన్యాసమ్మ.

ఇద్దరూ గుడ్డలు లాగేశారు. ఎర్రనీళ్లు భళ్లున దూకి మెట్లన్నీ బురద చేశాయి. లోపల పట్టీలు కిర్రుమంటూ బిగుసుకున్నాయి. ఉబ్బు ఆగింది.

"పొట్ట ఇంత పెరిగీదాకా చెప్పకూడదేటే?" అని గోడను కసిరింది సన్యాసమ్మ.

"నోట్లో గుడ్డలు కుక్కితే ఎలా చెప్పనమ్మా?" అంది గోడ.