ముసుగు వీరుడు తట్టిన తలుపు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దాను. ఇంత రాయడానికే చాలా రోజులు పట్టింది.

ఇరవై ఏళ్ల కిందటి మాట, పంతొమ్మిది వందల ఎనభై నాలుగు వేసవి. పరాయి తోటలో మామిడికాయలు దొంగిలించి జైలుకెళ్లిన నా కొడుకు శేషగిరికి, ఊచల ఇవతల నుంచి బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తున్నాను.

“ముసుగు వీరుడు... జైలు గోడ... పగలగొట్టాడు.”

“దొంగలందర్నీ వదిలేశాడా? ఇంకేం, నూజివీడులో ఒక్క కాయ మిగలదు,” అని నవ్వాడు వాడు.

“వదిలెయ్యలేదురా. ఒక్కొక్కణ్ణీ వాళ్లింటికి తీసుకెళ్లి తలుపు తట్టాడు. ‘మీవాణ్ణి తెచ్చాను. గోడల మధ్య ఎవడూ బాగుపడడు. దగ్గరుంచుకుని మీరే దిద్దుకోండి’ అన్నాడు.”

“తలుపు తీశారా మరి?”

పేజీ తిప్పబోతుంటే, పక్కనే నిలబడి వింటున్న సెంట్రీ అన్నాడు: “మీ పక్కింటావిడ భలే చదువుతోందిరా.”

శేషగిరి నావంక చూశాడు. గేటు దగ్గర నేనెవరినని చెప్పుకుని లోపలికొచ్చానో వాడికి తెలిసిపోయింది. తల దించేసుకున్నాను.

“అవునండి, పక్కింటావిడే,” అన్నాడు వాడు నెమ్మదిగా. “మా అమ్మకి చదువు రాదు.”

— బసవమ్మ, శేషగిరి తల్లిని. అరవై ఒక్క ఏళ్లు. వాడూ నేనూ ఇప్పుడు ఆగిరిపల్లిలో ఉంటున్నాం.