దారిన పోయేవారికి పిలుపు

ఫిజీ రాజధాని సువాలోని మా పసిఫిక్ అధ్యయన కేంద్రంలో పాత టేపులు విని రాయడం నా పని. ఆ రాత్రి ఒక టేపులో మా అవ్వ గొంతు వినిపించింది; ఆమెను మేం బూబూ అంటాం. నేను పుట్టకముందు ఎవరో పరిశోధకుడు ఆమె చేత కథ చెప్పించాడు. ఆమె పోయినప్పుడు ఓడ అందక నేను మా దీవికి వెళ్లలేకపోయాను.

"ఇంకా ఇంటికి పోవా? దయ్యాలకి ఓవర్‌టైం ఇవ్వరమ్మా!" అని కాపలా కాసే సిరేలి మామ నవ్వుకుంటూ వెళ్లాడు.

కథ మధ్యలో బూబూ ఆగింది.

"వసితీ, రా, తిందువుగాని."

అది నా పేరు.

తినేవాళ్లు గుమ్మం ముందు నుంచి వెళ్లేవాళ్లను అలా పిలవడం మా ఆనవాయితీ. "తిన్నాను" అని సాగిపోవడం మర్యాద. ఆ మాట నా నోట రాలేదు.

టేపు నిశ్శబ్దంగా తిరుగుతోంది.

"కర్రపెండలం చల్లారిపోతోందే," అంది బూబూ.

నేను చెప్పులు విప్పాను.