రెండు ఫోటోలు, ఒకే ముడి

పూనం మంచం మీద రెండు ఫోటోలు పక్కపక్కనే పెట్టింది.

"ఇవి నా పోగులు బాపు. బెంజీన్ వలయాలు కలిసి గిన్నెలెక్క వంగిన అణువులు. ఒకదాంట్ల ఒకటి కూసొని, వాటంతట అవే పోగులైతయి. వీటిల నుంచి కరెంటు పోతది."

"నేసేటోడు లేకుంటనే?" అన్నాడు తండ్రి అంబదాస్. కామత్‌ఘర్‌లోని సాంచాల కార్ఖానాలో, మరమగ్గాల మీద నేసిన తానుల్లో తప్పులు పట్టడమే ముప్పయ్యేళ్లుగా ఆయన పని.

"లేకుంటనే. ఇది మొదటి రోజు మైక్రోస్కోపుల తీసింది. ఇది నెల రోజులు వేడిల పెట్టినంక తీసింది. ఒక్క పోగు తెగలే. దీనిమీదనే నాకు పీహెచ్‌డీ వస్తది."

"అయితే రేపు కార్ఖానాల పేడాలు పంచాలె."

అలవాటుగా ఆయన వేలు ఫోటోల మీద అంగుళం అంగుళం నడిచింది. ఒకచోట ఆగింది. రెండో ఫోటోను తలకిందులుగా తిప్పి మళ్లీ చూశాడు.

"గీ ముడి, పక్కన గీ సన్నపోగు, రెండిట్ల గవే ఉన్నయి. ఇవి రెండు ఒక్క తానే బిడ్డా. తిప్పి పెట్టినవ్."

పూనం తల వంచుకుంది.

"అసలుది ఏమైంది?"

"వేడికి తెగింది బాపు. మూడుసార్లు చేసిన. మూడుసార్లు తెగింది."

"మీ సార్ చూడలేదా?"

"సార్ చూసిండు. కమిటీల ఐదుగురు చూసిన్రు. శభాష్ అన్నరు." ఆమె రెండో ఫోటోను బోర్లా పెట్టింది. "ఎవ్వలన్న పట్టుకుంటరని ఆర్నెల్లు చూసిన. నువ్వైతే పట్టుకుంటవనే ఇంటికి తెచ్చిన."