అమోయిదా విప్పని జడ

ఇటు రా తల్లీ, నా మోకాలికి ఆనుకుని కూర్చో. నేను చేటతో వడ్లు చెరుగుతూ చెప్తాను, నువ్వు మట్టిబెడ్డలు ఏరుతూ విను.

దక్షిణ అమెరికా పటంలో మన సురినామ్ గోరంత. అందులోనూ ఊళ్లకంటే అడవే ఎక్కువ. అయినా మన తపనహోని ఏటి మీదుగా లోకమంతా చుట్టపుచూపుగా వస్తుంది.

ఒక రోజు పడవ నడిపే కోజో వచ్చాడు; అతని పడవలోంచి నలుగురు తెల్లవాళ్లు, రొట్టెల మూటతో హిందుస్తానీ వర్తకుడు, కోళ్ల గంపతో ఒక జావా ఆమె దిగారు.

చివరగా మనలాంటి నల్లపిల్లే ఒకతి దిగింది. పాతికేళ్లుంటాయి. తలకు గుడ్డ బిగించి కట్టుకుంది.

"ఎవరమ్మా నువ్వు?"

"లియోని. సరిహద్దు ఏరు అవతల, ఫ్రెంచి ఒడ్డు నుంచి వచ్చాను."

ఆ మాట వినగానే మా అమోయిదా మొహం తిప్పుకుంది. ఊళ్లో అందరికంటే పెద్దావిడ. సైన్యంతో పోరాటాల రోజుల్లో ఆ ఒడ్డుకు దాటినవాళ్లు మనల్ని మరిచిపోయారని ఆమెకు కోపం.

పైగా ఆమె మనసేమీ బాగాలేదు. రెండేళ్లు వరుసగా వరదలొచ్చి ఎర్రపొట్టు వడ్లు విత్తనంతో సహా పోయాయి. ఈమధ్యే పోయిన తన తల్లి ఆత్మను పెద్ద భోజనం పెట్టి సాగనంపాలంటే ఆ బియ్యమే వండాలి. వేరే అన్నం పెద్దలు ముట్టరు. ఇక నా తల్లి ఆకలితోనే వెళ్తుందని అమోయిదా కుమిలిపోతోంది.

ఇంటికొచ్చిన ఆడపిల్లకు జడలు అల్లడం మన మర్యాద కదా. ఆడవాళ్లు నూనె, దువ్వెన తెచ్చారు.

"రా పిల్లా, కూర్చో."

లియోని తలగుడ్డ మీద చెయ్యి వేసుకుంది. "మీరొద్దక్కా. మా అమోయిదాయే విప్పాలి."

"పేరు కూడా కనుక్కునే వచ్చిందే" అంది దువ్వెన పట్టుకున్న ఒకావిడ.

అమోయిదా లేచి నిలబడింది. "బానిసలుగా దొరసానుల జడలు విప్పలేకే మా ముత్తవ్వలు అడవికి పారిపోయి వచ్చారు. ఇప్పుడు నీ జడ నేను విప్పాలా?"

"ఒక్కసారి చూడవ్వా, చాలు."

"చూడను."

రోట్లో దంచుతున్న ఒక పడుచు కిసుక్కున నవ్వింది. "అంత దాచుకుంటున్నావ్, లోపల పేలున్నాయా, బంగారమా?"

అందరూ నవ్వారు.

"రెండూ కావక్కా" అంది లియోని.

సాయంత్రం మామూలుగానే ఆడవాళ్లు వచ్చినవాళ్లకు ముత్తవ్వల కథ చెప్పారు. మన ప్రతి రకం వడ్లకూ, తెచ్చిన ఆడదాని పేరే ఎలా ఉంటుందో చెప్పారు. లియోని కథ వింటున్నంతసేపూ అమోయిదానే చూసింది. అమోయిదా చూడలేదు.

పొద్దున్నే మొదటి పడవకు లియోని వెళ్లిపోయింది.

పదో రోజున వాన వెలిశాక, ఆమె పడుకున్న అతిథుల గుడిసె వెనక పచ్చగా మొలకలు కనిపించాయి. మడమతో గుంటలు చేసి, వరసగా వేసిన విత్తు.

అమోయిదా ఒక మొలక పీకి చూసింది. వేరుకు ఇంకా పొట్టు అంటుకుని ఉంది.

ఎర్రపొట్టు.

అదే రోజు కోజో తిరిగొచ్చాడు. "అవ్వా, ఆ పిల్ల పడవెక్కేసరికే తల విరబోసుకుని ఉంది. దారంతా ఏడుస్తూనే ఉంది."

"ఏమంది?"

"వాళ్లవ్వ పోయే ముందు ఒక్కొక్క గింజా పెట్టి అల్లిందట ఆ జడలు. 'నోటితో ఏం చెప్పకు. అల్లిక చూస్తే నా చెల్లెలే గుర్తుపడుతుంది' అందట."

అమోయిదాకు ఒక్కతే అక్క. పోరాటాల రోజుల్లో ఆ ఒడ్డుకు దాటినవాళ్లలో ఆమె ఒకతి.

తలలో వడ్లు దాచుకుని పారిపోయి వచ్చిన ముత్తవ్వల కథ చెప్పుకుని గర్వపడే ఊరు, ఆ కథే నడిచి వస్తే గుర్తుపట్టలేకపోయింది.

లియోని కోసం ఆ ఒడ్డుకు మూడుసార్లు కబురు పంపారు. పని వెతుక్కుంటూ సముద్రం దాటిపోయిందన్నారు.

గుప్పెడు విత్తు గంపెడయింది. సగం విత్తనానికి తీసి, సగంతో తల్లికి వండింది అమోయిదా. ఊరిపెద్ద కెప్టెనుతో సహా ఊరంతా కూర్చున్నాక, మెడ నిటారుగా పెట్టి చెప్పింది.

"పెద్ద కూతురు పంపింది, చిన్నకూతురు వండింది, అమ్మ కడుపు నిండింది. ఈ వడ్లకు ఇకనుంచి నా మనవరాలి పేరు."

ఇప్పుడు నీ ఒళ్లో ఉన్నవి అవే తల్లీ, లియోని వడ్లు. పేలా బంగారమా అన్న నోరు నాదే.

గుర్తుపెట్టుకో. రేపు నీ పిల్లలకు ఈ వడ్లు చెరిగేటప్పుడు ఈ కథ చెప్పు. నా నోటి మాట కూడా దాచకుండా చెప్పు.