వాడి దరువు

"దెబ్బ బానే పడ్డదన్నా. కని పానం లేదు," అన్నాడు బలరాం.

శామ్యూల్ కీబోర్డు ఆపేశాడు. తొర్రూరు సభ ఎల్లుండే. పాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. డప్పు ఒక్కటే కుదరలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు. కూడలికో టెంటు, టెంటుకో ఆటపాట. డప్పు పట్టడం వచ్చిన ప్రతివాడికీ ఎక్కడో ఒకచోటి నుంచి పిలుపు వచ్చింది. నర్సింహులపేటలో బలరాం నడిపే బృందానికి మిగిలింది శామ్యూల్, అతని కీబోర్డు. ఒక్క వేలితో స్వరం పట్టుకుంటే చాలు, లోపలున్న డ్రమ్సూ బేసూ వాటంతటవే నడిచే రకం అది. బ్యాండుకు బ్యాండంతా ఆ పెట్టెలోనే ఉంటుంది.

అందులో తబలా ఉంది, ఢోలక్ ఉంది. డప్పు లేదు. శామ్యూల్ ఢోలక్ శబ్దాన్ని సాగదీసి, దానికి ఇంకో డ్రమ్ము కలిపి, కంప్యూటర్లో డప్పు తయారుచేశాడు. అన్ని దెబ్బలూ ఒకే బలంతో పడితే మిషన్ అని తెలిసిపోతుంది. అందుకని ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా పెట్టాడు. కొన్నిటిని వెంట్రుకవాసి వెనక్కి జరిపాడు. బేసును డప్పు కిందికి తెచ్చి కూర్చోబెట్టాడు.

ఇంటికి తెచ్చి భార్యకు వినిపించాడు.

రూతు బియ్యం ఏరుతూ విన్నది. "కింద గుమ్మని మోగేది మస్తుంది," అంది.

"మరి డప్పు?"

ఆమె కాలు కదల్లేదు. అదే అతనికి గుచ్చుకుంది. నచ్చిన దరువు వింటే రూతు కాలి బొటనవేలు దానంతటదే నేలను తడుతుంది. బలరాం కంప్యూటర్లో ఒక పాత రికార్డు ఉంది. పాటకు ముందు కాసేపు ఉత్త డప్పు. అది మోగితే చాలు, ఆ వేలు ఆగదు. ఆ రికార్డును ఫోన్లోకి ఎక్కించుకుంది కూడా. పొయ్యి దగ్గర అదే, బట్టలుతికే చోట అదే.

ఆ డప్పు కొట్టినవాణ్ణి చూసే రూతు మనసు పారేసుకుంది. పెళ్లికి ముందు, క్రిస్మస్ ఊరేగింపులో. ఊరందరికీ తెలిసిన సంగతే.

"ఆ రికార్డుల దెబ్బలనే కోసి పెట్టెలకు ఎక్కిద్దాం," అన్నాడు బలరాం మర్నాడు. "కుడిచేతి మొద్దుపుల్ల దెబ్బ ఒక మీటకు, ఎడమచేతి సన్నపుల్ల దెబ్బ ఇంకో మీటకు. అసలుకు అసలే మోగుతది."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వాడి దెబ్బ నా పెట్టెల వద్దు."

బలరాం నవ్వాడు. "వాని మీద గింత కుళ్లేందన్నా?"

"వాడు మోగినంక జనం వాన్నే అడుగుతరు. నన్నెవడు అడుగుతడు?"

బలరాం నవ్వు ఆగిపోయింది. "పొద్దుగూకేలోపు కాకుంటె జనగామకెల్లి వేరే బ్యాండును తెస్తమంటున్నరు కమిటోళ్లు. జర సోంచాయించు."

మధ్యాహ్నం రూతు అన్నం కలిపి ముందు పెట్టింది, చెంచా అందించింది. శామ్యూల్ ముట్టలేదు.

"ఫోన్లకెల్లి ఆ పాట తీసెయ్," అన్నాడు.

"తియ్య."

"వాడు ఇగ రాడు రూతూ. నువ్వెన్నిసార్లు ఇన్నా రాడు."

"నాకెరుక లేదా? రాడనే గదా ఇంటున్న." ఆమె గొంతు పెంచలేదు. "డప్పును గుడ్డల సుట్టి అటకెక్కించినవ్. ఇంట్ల వాని పేరెత్తనియ్యవ్. ఇగ సభలకు గూడ రానియ్యవా?"

రూతు చల్లారిన అన్నం తీసేసి, వేడిది కలుపుకొచ్చింది. ఆ పళ్లెం వంక చూస్తూ అతను మెత్తబడ్డాడు.

తిని, బలరాం ఇంటికి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మౌస్‌ను ఎడమవైపుకు లాక్కున్నాడు. రికార్డును దెబ్బ దెబ్బగా కోశాడు. మొద్దుపుల్ల దెబ్బ దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. మంట సెగకు బిగిసిన తోలు. దాని మీద ఎంత తేలిగ్గా పడిందో ఆ చేయి! తన దగ్గర ఏముందో తెలియనివాడి పొగరు ఉంది అందులో. శామ్యూల్ పళ్లు కొరికాడు. తర్వాత ఆ దెబ్బను పెట్టెలోకి ఎక్కించాడు.

సభనాడు రూతు అతని చొక్కా గుండీలు పెట్టింది. బలరాం కీబోర్డు మోశాడు.

తొర్రూరు మైదానం జనంతో నిండింది. శామ్యూల్ మీట నొక్కాడు. స్పీకర్లలోంచి డప్పు లేచింది. దాని కింద బేసు గుమ్మంది. ముందు వరుసలో ఆడవాళ్లు కొంగులు దోపుకొని నిలబడ్డారు. వెనక ఎవరో ఈల వేశారు. బలరాం గొంతెత్తగానే మైదానమంతా అందుకుంది.

శామ్యూల్ వాళ్లెవరినీ చూడలేదు. వేదిక పక్కన నిల్చున్న రూతు కాలివైపే చూశాడు. బొటనవేలు చెప్పులో ఆగడం లేదు.

మళ్లీ వాడే గెలిచాడు, అనుకున్నాడు.

సభ ముగిసింది. చేతికర్ర ఊతంగా ఒక ముసలాయన వేదిక వెనక్కి వచ్చాడు. కళ్లు చికిలించి అటూ ఇటూ వెదికాడు.

"డప్పు కొట్టిన పిలగాడు ఏడి బిడ్డా? గసొంటి చెయ్యి ఈ మధ్యల నేను ఇనలే. జర సూపియ్యుండ్రి."

శామ్యూల్ ముఖం తిప్పుకున్నాడు. "వాడు లేడు తాతా."

మడిచి పిన్నీసు పెట్టిన అతని చొక్కా ఖాళీ కుడిచేతిని రూతు తన పిడికిట్లోకి తీసుకుని, "ఉన్నడు తాతా, ఈ చెయ్యి నూర్పిడి మిషన్ల పోకముందు ఆ డప్పు కొట్టింది గీయననే," అంది.